నలభై కిలోల షరతు

జూన్ మొదటి ఆదివారం పొద్దున్నే బావగారు మా ఇంటి గుమ్మం ముందు రెండు నీళ్ల డబ్బాలు దించారు. ఒక్కొక్కటి ఇరవై లీటర్లు పట్టేది. "అక్టోబరు నాటికి ఈ రెండూ వీపున కట్టుకుని కొండ దిగి చూపించు. అది చూశాకే నీకు ఎల్క్ వేట లైసెన్స్ కొందాం" అన్నారు.

ఎక్కి చూపించమని అడగలేదు, దిగి చూపించమన్నారు. ఆ తేడా ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు.

అక్కా బావగారూ కొలరాడో వచ్చి పదహారేళ్లయింది. ఆయన ఏడు వేట సీజన్లు కొండల్లో తిరిగినవారు. నేను డెన్వర్ పక్కన అరోరాలో ఉంటూ రోజుకు తొమ్మిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని. వయసు నలభై ఒకటి. ఎల్క్ అంటే మన కణితి కుటుంబానికే చెందిన పెద్ద దుప్పి. ఎదిగిన మగది మూడు వందల కిలోలు తూగుతుంది. కాళ్లూ జబ్బలూ తలా విడదీసినా మోయాల్సింది నూట ముప్పై, నూట నలభై కిలోలు ఉంటుంది. వెనుక కాలు ఒక్కటే ఎముకతో పాతిక కిలోలు దాటుతుంది. దానికి మన తుపాకీ, నీళ్లు, బట్టలు కలిస్తే నలభైకి దగ్గర పడుతుంది. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేసి రావడం ఈ రాష్ట్రంలో నేరం. చట్టం మాట అటుంచి, ఒక ప్రాణాన్ని తీసి, మోయలేక కుళ్లబెట్టడం కన్నా పెద్ద పాపం నాకు తెలియదు. ఆ డబ్బాల వెనుక ఉన్న లెక్క ఇది.

నాలుగున్నర నెలలు

మొదటి నెల తొమ్మిది కిలోలతో మొదలుపెట్టాను. వారానికి మూడు రోజులు, గంటసేపు నడక. జులైలో పదహారు, ఆగస్టులో పాతిక, సెప్టెంబరు మధ్యకు ముప్పై ఐదు కిలోలకు చేరుకున్నాను. శనివారాలు రెడ్ రాక్స్ అనే ఆరుబయలు రంగస్థలం మెట్ల మీద గడిచేవి. అవి మూడు వందల ఎనభై. నెలకోసారి కొలరాడో స్ప్రింగ్స్ దాకా వెళ్లి మానిటూ ఇంక్లైన్ ఎక్కేవాణ్ణి. పాత రైలుకట్ట దుంగలనే మెట్లుగా మార్చిన దారి అది. 2,700కు పైగా మెట్లు, కిలోమీటరున్నర లోపే ఆరు వందల మీటర్ల ఎత్తు. మాది చిత్తూరు జిల్లా. అలిపిరి నుంచి 3,550 మెట్లు చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. మొదటిసారి ఇంక్లైన్ మధ్యలో ఊపిరి అందక కూర్చుండిపోయినప్పుడు నా నోట అప్రయత్నంగా వచ్చింది గోవిందనామమే.

అక్కడికి నీళ్ల డబ్బాలు మోసుకొచ్చేవాళ్లలో కొందరు పైకెళ్లాక నీళ్లు ఒంపేస్తారు, మోకాళ్లకు శ్రమ తగ్గుతుందని. బావగారు ఒప్పుకోలేదు. వేటలో ఎక్కేటప్పుడు సంచి తేలికగానే ఉంటుంది. బరువు దిగేటప్పుడే వీపెక్కుతుంది. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బరువును ఆపాలి. అలవాటు లేని కండరం అక్కడే దెబ్బతింటుంది. అందుకని ఇంక్లైన్ ఎక్కి, పక్కనున్న బార్ ట్రైల్ అనే కాలిబాట మీదుగా నిండు డబ్బాలతో దిగేవాణ్ణి. తొలి రెండుసార్లూ మర్నాడు ఇంట్లో మెట్లు వెనక్కి తిరిగి దిగాల్సి వచ్చింది. ఆగస్టు చివరికి ఆ నొప్పి పోయింది.

బుధవారాలు షూటింగ్ రేంజ్‌కు వెళ్లేవాణ్ణి. బల్ల మీద తుపాకీ ఆనించి కాలిస్తే ఎవరి గుండు అయినా గురికే తగులుతుంది. బావగారు ముందు నన్ను పార్కింగ్ స్థలం చుట్టూ రెండుసార్లు పరిగెత్తించి, గుండె దడదడలాడుతుండగా మోకాలి మీద కూర్చుని కాల్చమనేవారు. మూడు నెలల తర్వాత కూడా నూట ఎనభై మీటర్లు దాటితే నా గుండ్లు చెదిరేవి. కాబట్టి నా హద్దు నూట ఎనభై మీటర్లు అని రాసుకున్నాను. తుపాకీ అంతకంటే చాలా దూరం కొడుతుంది, అది వేరే సంగతి.

సెప్టెంబరు చివరి ఆదివారం నలభై కిలోలతో బార్ ట్రైల్ దిగాను. కింద బావగారు బండికి ఆనుకుని నిలబడి ఉన్నారు. డబ్బాలు తూచలేదు, ఏమీ అడగలేదు. "పద, లైసెన్స్ కొందాం" అన్నారు.

సామాను గురించి కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే నేను దుకాణంలో తప్పు చోట డబ్బు పెట్టబోయాను. అడవిలో కలిసిపోయే ఖరీదైన మచ్చల బట్టల వైపు నా చెయ్యి పోయింది. ఆయన ఆపి, ముందు బూట్లు, తర్వాత సంచి, ఆ తర్వాతే మిగతావి అన్నారు. బూట్లు చీలమండ మీదికి వచ్చేవి, అడుగుభాగం చేత్తో వంచితే వంగనివి తీసుకున్నాం. రాళ్ల అంచుల మీద అడుగు వేసినప్పుడు పాదం మెలితిరగకుండా కాపాడేది ఆ బిగువే. వాటితో కొండకు వెళ్లేలోపు నూట అరవై కిలోమీటర్లు నడిచాను. దిగేటప్పుడు వేళ్లు ముందుకు జారి గోళ్లు నల్లబడుతుంటే, లేసును చీలమండ దగ్గర రెండు మెలికలు వేసి బిగించి, ఆ పైన వదులుగా కట్టడం నేర్చుకున్నాను. మడమ వెనక్కి కూర్చుంటుంది, వేళ్లకు చోటు దొరుకుతుంది. ఇంత చిన్న పని నా రెండు బొటనవేళ్లను కాపాడింది.

సంచి లోపల గట్టి ఫ్రేమ్ ఉన్నది. సంచికీ ఫ్రేముకీ మధ్య మాంసం కట్టుకునే చోటుంటుంది. బరువు భుజాల మీద కాక నడుము పట్టీ మీద నిలవాలి. బట్టల్లో నూలుపోగు లేదు. చెమటకు తడిసిన నూలు ఆరదు, గాలి తగిలితే ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. ఒంటికి ఆనేది మెరినో ఉన్ని, దాని మీద పలచటి జాకెట్, ఆగి కూర్చున్నప్పుడు వేసుకోవడానికి ఒక మందపాటి కోటు. అన్నిటి మీదా మెరిసే నారింజ రంగు చొక్కా, అదే రంగు టోపీ. రైఫిల్ సీజన్‌లో ఒంటి పైభాగంలో కనీసం 500 చదరపు అంగుళాల నారింజ లేదా గులాబీ రంగు కనబడాలని నియమం. ఇవి కాక రెండు తల దీపాలు, దిక్సూచి, సిగ్నల్ లేకున్నా పనిచేసే మ్యాప్, ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న యంత్రం, రెండు కత్తులు, మాంసానికి ఆరు గుడ్డ సంచులు, తాడు, రెండు చేతికర్రలు.

తిండి అక్క చూసుకుంది. సున్నుండలు, వేరుశనగ ఉండలు, వేయించిన రవ్వ, కందిపొడి, చిన్న సీసాలో ఆవకాయ. మినుములు, బెల్లం, నెయ్యి కలిసిన సున్నుండ కన్నా తక్కువ బరువులో ఎక్కువ బలాన్నిచ్చే పదార్థం దుకాణాల్లో నాకు కనబడలేదు. చలికి గట్టిపడినా కొరకవచ్చు.

మొదటి రోజు, గురువారం

సీజన్ శనివారం మొదలవుతుంది. రెండు రోజులు ముందే బయలుదేరాం. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడాలి. మా ఇల్లు ఉన్నది పదహారు వందల మీటర్ల ఎత్తులో. మేం తిరగబోయేది మూడు వేల మీటర్ల చుట్టుపక్కల. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే.

ఐసెన్‌హోవర్ సొరంగం దాటి, గ్లెన్‌వుడ్ లోయ గుండా పడమటికి సాగి, రైఫిల్ అనే ఊరి దగ్గర ఉత్తరానికి తిరిగాం. చీకటి పడేసరికి మీకర్ చేరాం. దారి పొడవునా బావగారు ఎల్క్‌ల కథ చెప్పారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ రాష్ట్రంలో అవి వేయికి లోపే మిగిలాయట. అదుపులేని వేట చేసిన పని అది. 1912 నుంచి వయోమింగ్ నుంచి తెచ్చి వదిలి, లెక్క ప్రకారం లైసెన్సులు ఇస్తూ పెంచారు. ఇప్పుడు సుమారు 2,80,000 ఉన్నాయి. అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. 1937 నాటి చట్టం ప్రకారం రైఫిళ్ల మీద, తూటాల మీద వసూలయ్యే పదకొండు శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి జంతువుల వేట నేరం. అలా ఉండటమే సరి. మన అడవులూ మన జనాభా వేరు. ఆ మాట నేనంటే బావగారు తల ఊపారు. ఇక్కడి పద్ధతి ఇక్కడిది. దాన్ని అక్షరం తప్పకుండా పాటించేవాడే ఇక్కడ తుపాకీ పట్టాలి.

రెండో రోజు, శుక్రవారం

మేం వేటాడబోయే ఫ్లాట్ టాప్స్ కొండలు పేరుకు తగ్గట్టే పైన బల్లపరుపుగా, అంచుల్లో నిట్టనిలువుగా ఉంటాయి. ఒకప్పటి లావా గట్టిపడిన నల్లరాయి అది. 1975లో దీన్ని నిర్జన ప్రాంతంగా ప్రకటించారు. అంటే మోటారు బండి సరే, సైకిల్ కూడా లోపలికి రాకూడదు. మాంసం లాగే రెండు చక్రాల తోపుడుబండికీ అనుమతి లేదు. గుర్రమో, మనిషి వీపో.

దారి చివర బండి ఆపి, కిలోమీటరున్నర లోపలికి నడిచి డేరా వేశాం. నాకు మధ్యాహ్నానికే తలనొప్పి పట్టుకుంది. బావగారు పని చెప్పకుండా కూర్చోబెట్టి, గంటకు అరలీటరు చొప్పున నీళ్లు తాగించారు. సాయంత్రానికి తగ్గింది. ఒకరోజు ముందు రావడం ఎంత అవసరమో అప్పుడు తెలిసింది.

పడుకునే ముందు ఆయన నీళ్లు వడగట్టే ఫిల్టరును నా స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టించారు. లోపలి సన్నటి గొట్టాల్లో తడి గడ్డకడితే అవి పగులుతాయి. పైకి ఏమీ కనిపించదు, నీళ్లు మాత్రం వడకట్టవు.

మూడో రోజు, శనివారం

నాలుగింటికి లేచాం. చలికి డేరా గుడ్డ రేకులా బిగుసుకుపోయింది. ఉప్మా తిని, చలి వణికిస్తున్నా కోటు తీసి సంచిలో పెట్టి నడక మొదలుపెట్టాం. వేసుకుని ఎక్కితే పావుగంటలో చెమట పడుతుంది, ఆ చెమటతో పైన గంటలు కూర్చోవాలి. పైకి చేరాక లోపలి చొక్కా మార్చి, అప్పుడు కోటు వేసుకున్నాం.

చీకట్లోనే ఎందుకు ఎక్కాలో గాలి చెబుతుంది. తెల్లవారుజామున చల్లగాలి వాలు మీంచి కిందికి జారుతుంది. ఎండ పడ్డాక అదే గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఎల్క్ కంటి కన్నా ముక్కును ఎక్కువ నమ్ముతుంది. పొద్దెక్కేసరికి మనం వాటికి పైన ఉండాలి, లేదంటే మన వాసన మనకన్నా ముందు చేరుతుంది. ఆ మూడు వందల మీటర్ల ఎత్తును చీకట్లో, చప్పుడు చేయకుండా, రొప్పకుండా ఎక్కడానికే జూన్ నుంచి పడిన శ్రమంతా.

అడ్డొచ్చింది పడిపోయిన మాన్లు. 1940లలో ఒక రకం బెరడు పురుగు ఈ కొండల్లో స్ప్రూస్ చెట్లను మట్టుబెట్టింది. ఆనాటి మోడులు వెండి రంగుకు తిరిగి ఇంకా కొన్ని నిలబడి ఉన్నాయి. కూలినవి మోకాలి ఎత్తున ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ప్రతి అడుగుకూ కాలెత్తి దాటాలి. మెట్లు ఎక్కితే వచ్చే బలం ఒకటి, పక్కకు కాలు చాపి దాటేందుకు కావలసిన బలం ఇంకొకటి. తుంటి పక్క కండరాలకు నేను సాధన చేయలేదు. మధ్యాహ్నానికి అవే ముందు మొరాయించాయి.

పదింటికి అంచు మీది నుంచి బైనాక్యులర్ తిప్పుతుంటే కింద లోయ అడుగున ఆస్పెన్ చెట్ల పక్కన మగ ఎల్క్ కనిపించింది. ఒక్కో కొమ్ముకు అయిదు శాఖలు. ఈ ప్రాంతంలో ఒక కొమ్ముకైనా నాలుగు శాఖలు ఉండాలి, లేదా కనుబొమ్మ దగ్గరి శాఖ అయిదు అంగుళాలైనా ఉండాలి. నియమం ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. గాలి అనుకూలం. గంటసేపు దిగితే నా హద్దులోకి వచ్చేది.

బావగారు మ్యాప్ తీసి నా ముందు పెట్టారు. లోయ అడుగు నుంచి బండి దాకా ఏడు కిలోమీటర్లు, మధ్యలో నాలుగు వందల మీటర్ల ఎక్కుడు, అంతా కూలిన మాన్ల మీదుగా. మూడు విడతల మోత. "నీ ఇష్టం. చెప్పు" అన్నారు.

చాలాసేపు ఆ ఎల్క్‌నే చూస్తూ కూర్చున్నాను. అది తల దించి మేస్తోంది. మధ్యాహ్నాలు ఎండ బాగానే కాస్తోంది, మాంసం మూడు రోజులు కొండ మీద నిలవదు. "వద్దు బావా" అన్నాను. ఆయన మ్యాప్ మడిచి జేబులో పెట్టుకున్నారు. నాలుగున్నర నెలల్లో నేను నేర్చుకున్నదంతా ఆ రెండు మాటల్లోకి వచ్చింది. నాకు అందులో ఏ విచారమూ లేదు.

నాలుగో రోజు, ఆదివారం

ఈసారి బండికి దగ్గరగా ఉన్న లోయ పాయ ఎంచుకున్నాం. ఏడు గంటలు దాటాక, కాల్చడానికి అనుమతి ఉన్న వేళ మొదలైన కొద్దిసేపటికి, పచ్చికబయలు పైఅంచున ఎండిపోయిన గడ్డిలో ఏదో కదిలింది. ముందు ఆడవి నాలుగు, వెనుక ఒక మగది. నాలుగు శాఖల కొమ్ములు. దూరం నూట అరవై మీటర్లు.

మోకాలి మీద కూర్చున్నాను. చేతికర్రలు రెండూ అడ్డంగా కలిపి తుపాకీ ఆనించాను. నా ఊపిరి ఆవిరై కంటి ముందుకు వస్తోంది. అది పక్కకు తిరిగేదాకా ఆగాను. ముందుకాలి వెనుక, ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర గురి. ఊపిరి సగం వదిలి ఆపాను. ఒక్కటే గుండు. అది ఇరవై అడుగులు నడిచి, చెట్ల అంచున మోకాళ్ల మీద కూలింది.

దగ్గరికి వెళ్లేముందు అరగంట ఆగాం. చేరేసరికి కన్ను తెరిచే ఉంది, అందులో ఆకాశం కనిపిస్తోంది. మెడ మీది బొచ్చు నల్లటి గోధుమ రంగు, వేళ్లు దూరిస్తే మణికట్టు దాకా మునిగాయి. గడ్డి వాసన, స్ప్రూస్ జిగురు వాసన. కొమ్ముల్ని చెట్లకు రాసీ రాసీ అవి ఆ జిగురుతో నల్లబడ్డాయి. బూట్లు విప్పి దాని పక్కన కాసేపు కూర్చున్నాను. ఏం మొక్కుకున్నానో అది నా దగ్గరే ఉంటుంది.

తర్వాతంతా పని. లైసెన్స్ చీటీ విడదీసి సంతకం, తేదీ వేశాను. కడుపు చీల్చకుండానే ఒక పక్క చర్మం ఒలిచి, ముందు జబ్బ, వెనుక కాలు, వీపు కండ, మెడ మాంసం తీసి, అటు తిప్పి మళ్లీ అదే పని. మగదని తెలిసే గుర్తు ఒక వెనుక కాలికి అంటిపెట్టుకునే ఉండాలి, అదీ నియమమే. మూడు గంటలు పట్టింది. గుడ్డ సంచుల్లో కట్టి, నీడలో కొమ్మలకు వేలాడదీశాం. గాలి తగిలి పైపొర ఆరితే మాంసం చెడదు.

మధ్యాహ్నం తొలి మోత. చెరో వెనుక కాలు. బండి దాకా నాలుగు కిలోమీటర్లు. సంచిని నిలువుగా చెట్టుకు ఆనించి, కూర్చుని పట్టీలు వేసుకుని, ముందు చేతుల మీదికి, తర్వాత మోకాలి మీదికి, అప్పుడు లేవాలి. మాంసం నీళ్లలా ఉండదు. డబ్బా గట్టిగా నిలిచి ఉంటుంది, మాంసం ప్రతి అడుగుకూ పక్కకు వాలుతుంది. ఫ్రేముకు ఎంత ఎత్తున, ఎంత బిగించి కడితే అంత మేలు. మొదటి కిలోమీటరులో రెండుసార్లు ఆగి విప్పి మళ్లీ కట్టాం. మూడో కిలోమీటరులో వాలు మొదలైంది. కర్ర ముందు, తర్వాత కాలు, తర్వాత రెండో కర్ర. తొడలు కాలుతున్నాయి గాని వణకలేదు.

బండి వెనుక తలుపు మీద బరువు దించాక కాళ్లు వాటంతటవే పైకి తేలుతున్నట్టు అనిపించింది. బావగారు ఒక సున్నుండ విరిచి సగం నాకిచ్చారు.

ఐదో రోజు, సోమవారం

రెండు విడతలు. ఉదయం ముందు జబ్బలు రెండూ, మధ్యాహ్నం ఆయన తల, నేను విడి మాంసం. నా కుడి తుంటి పట్టేసింది. బావగారు నా భారంలో రెండు కిలోలు తీసి తన సంచిలో వేసుకున్నారు. ఆయనకు యాభై రెండేళ్లు.

చివరి విడతకు వెళ్లినప్పుడు కొమ్మల మీద రెండు కాకులు, కింద మిగిలిన చర్మం, పేగులు. అవి అప్పటికే పని మొదలుపెట్టాయి.

ఆరో రోజు, మంగళవారం

డేరా విప్పి మీకర్ వచ్చాం. తలను రాష్ట్ర వన్యప్రాణి శాఖవారి దగ్గర పరీక్షకు ఇచ్చాం. జింకలకు, ఎల్క్‌లకు వచ్చే మెదడు జబ్బు ఒకటుంది. 1960ల చివర్లో ఈ కొలరాడోలోనే, పరిశోధనకు పెంచిన జింకల్లో దాన్ని మొదట గమనించారు. అది మనుషులకు సోకినట్టు ఇంతవరకూ రుజువు లేదు. అయినా జబ్బు ఉందని తేలిన మాంసం తినవద్దనే ఆరోగ్య శాఖ చెబుతుంది.

ఇంటికొచ్చాక రెండు రోజులు అక్కా నేనూ బావగారూ వంటింటి బల్ల చుట్టూ కూర్చుని ముక్కలు కోసి, కాగితంలో చుట్టి, ఒక్కో పొట్లం మీద తేదీ, భాగం పేరు రాశాం. తూస్తే ఎముక తీసేశాక తొంభై రెండు కిలోలు. ఫలితం వచ్చేదాకా ఒక్క పొట్లం కూడా విప్పలేదు. పదిహేనో రోజున ఫోనులో కబురొచ్చింది, జబ్బు లేదని. ఆ సాయంత్రం అక్క మెడ మాంసం పొట్లం తీసి, మెత్తబడటానికి రాత్రంతా పెరుగులో నానబెట్టింది.